'ఐ లైక్ మ్యాంగోస్'లో సబ్జెక్ట్ ఎవరు?

అందరికీ నమస్కారం. మా మేనల్లుడు ఆరో తరగతి. నిన్న వాడి ఇంగ్లీషు నోట్సు తిరగేస్తుంటే 'ఐ లైక్ మ్యాంగోస్' కింద సబ్జెక్ట్ 'మ్యాంగోస్' అని, 'లైక్' పక్కన నౌన్ అని రాసి ఉంది. రెండింటికీ ఎర్రసిరాతో ఇంటూ మార్కులు. ఎందుకలా రాశావురా అంటే, "నాకు మామిడిపళ్లు ఇష్టం అనే కదా మామయ్యా! ఇష్టం నామవాచకమేగా?" అన్నాడు. వాడి మాట కొట్టిపారేయబుద్ధి కాలేదు. ఎలా వివరించాలి?

—

మీ మేనల్లుడికి వ్యాకరణం బాగా పట్టుబడిందండీ. కాకపోతే వాడు విడదీసింది తెలుగు వాక్యాన్ని.

'నాకు ఈ మామిడిపళ్లు నచ్చాయి' తీసుకోండి. ఒక్క పండైతే 'నచ్చింది' అంటాం. 'నాకు' తీసేసి 'మాకు' అనండి, 'వాళ్లకు' అనండి, క్రియ మారదు. అంటే అది పళ్లను బట్టి నడుస్తోంది, మనిషిని బట్టి కాదు. 'నాకు జ్వరం వచ్చింది', 'నాకు ఆకలేస్తోంది' కూడా ఈ దారిలోవే. 'నాకు మామిడిపళ్లు ఇష్టం'లోనైతే పైకి క్రియే లేదు.

ఇదే పరీక్ష ఇంగ్లీషుకు పెట్టించండి. ఐ లైక్ మ్యాంగోస్, షి లైక్స్ మ్యాంగోస్. పళ్లు అవే, మనిషి మారేసరికి చివర 'యస్' వచ్చి చేరింది. నిన్నటి సంగతైతే 'లైక్డ్'. కాబట్టి లైక్ వెర్బ్, అది ఎవరిని బట్టి మారిందో ఆ మనిషి సబ్జెక్ట్. మనం 'మామిడిపళ్లు నాకు ఇష్టం' అని తిప్పి చెప్పినా ఇబ్బంది లేదు, 'కు' కాపాడుతుంది. ఇంగ్లీషులో అలా తిప్పి 'మ్యాంగోస్ లైక్ మీ' అంటే పళ్లే మనల్ని ఇష్టపడతాయి!

పిల్లలకు ముందు అర్థం చెప్పి, తర్వాత భాషాభాగం అడగడం దగ్గరే చిక్కు వస్తోందని నా గట్టి నమ్మకం. ఆ మాట ఆ వాక్యంలో ఏం పని చేస్తోందో ముందు చూపించాలి.

ఇంకో సంగతి. పాత ఇంగ్లీషులో ఈ లైక్ కూడా మన 'నచ్చు' లాగే ఉండేది. నచ్చిన వస్తువు కర్త, మనిషి 'నాకు' లాంటి రూపంలో వచ్చేవాడు. 'మీథింక్స్' అనే పాత మాటలో ఆ పద్ధతి ఇంకా కనిపిస్తుంది: నాకనిపిస్తోంది అని.

—

మరి 'షి సింగ్స్ లైక్ హర్ మదర్'లో కూడా లైక్ వెర్బేనా?

—

కాదండీ. నిన్నటికి మార్చి చూడండి: షి శాంగ్ లైక్ హర్ మదర్. మారింది 'సింగ్స్', లైక్ కదల్లేదు. ఇక్కడది ప్రిపొజిషన్. మన 'అమ్మలా'లో 'లా' అమ్మ వెనక వస్తుంది, వాళ్లకు ముందొస్తుంది. 'ఫొటోకి వంద లైకులు వచ్చాయి' అన్నప్పుడైతే నౌనే. బళ్లో మనకు నేర్పేది 5 భాషాభాగాలు, ఇంగ్లీషులో 8. వాళ్ల అడ్వర్బ్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్ మన దగ్గర చాలావరకు అవ్యయంలోకే వెళ్తాయి. పిల్లలు తికమకపడటానికి అదీ ఒక కారణమే.

—

ధన్యవాదాలండీ. మీ 'నచ్చింది, నచ్చాయి' చెప్పగానే మావాడు నోట్సు తెచ్చుకుని 'ఐ యామ్ హంగ్రీ', 'షి ఈజ్ హంగ్రీ' ఒకదాని కింద ఒకటి రాశాడు. హంగ్రీ మారలేదు కాబట్టి వెర్బ్ కాదని, యామ్ కింద తనే గీత గీశాడు.