చదువు రానివాళ్లకు అర్థమయ్యే బొమ్మలు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: ఒక పల్లెటూరి ఆసుపత్రికి గదుల బోర్డులు డిజైన్ చేశాను. మందులిచ్చే గదికి ఆకుపచ్చ ప్లస్ గుర్తు, ఓపీ చీటీలిచ్చే చోట క్లిప్‌బోర్డు బొమ్మ పెట్టాను. మొన్న వెళ్తే ఒక పెద్దావిడ సరిగ్గా ఆ ప్లస్ గుర్తు కిందే నిలబడి, "మందులెక్కడిస్తారు బాబూ?" అని నన్నే అడిగింది. మనసు చివుక్కుమంది. ఏ బొమ్మలు పెడితే బాగుంటుంది?

జవాబు: మన ఎన్నికల గుర్తులు చూడండి. 1951 లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 18 శాతం పైచిలుకు. అందుకే 1951-52 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. కాడి కట్టిన ఎడ్ల జత, కంకి కొడవలి, గుడిసె, అన్నీ జనం రోజూ చూసేవే. తర్వాత వచ్చిన గుర్తుల్లో చాలావాటిని ఎన్నికల సంఘంలో పనిచేసిన ఎం.ఎస్. సేఠీ పెన్సిల్‌తో గీశారు. మీ ప్లస్ గుర్తు ఆవిడ ఇంట్లో ఎక్కడుందో ఆలోచించండి.

జవాబు: నేను గోడల మీద గుర్తులు వేసే పెయింటర్‌ని, అన్నా. సైకిలును ఎప్పుడూ పక్కనుంచే వేస్తాం. రెండు చక్రాలూ గుండ్రంగా కనపడాలి. ఎదురుగా వేస్తే అది ఒట్టి గీత. మందులకు బిళ్లల షీటు వేసి చూడండి.

ప్రశ్న అడిగినవారు: వేసి చూపించాను. ఆవిడ వేలు పెట్టి, "మా ఆయన బీపీ బిళ్లలు!" అంది. ఎంత సంతోషమేసిందో! చీటీల గదికి మాత్రం బొమ్మ ఇంకా దొరకలేదు.