కాన్ఫరెన్స్‌లో మా సంస్థ సోషల్ మీడియా పని నా నెత్తిన పడింది, కాస్త దారి చెప్పండి

కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి నాలుగు నెలలైంది. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. వచ్చే నెల మా రంగం వాళ్లందరూ కలిసే మూడు రోజుల కాన్ఫరెన్స్ ఉంది. మా సంస్థకి అందులో ఒక స్టాల్, మా డైరెక్టర్‌గారిది ఒక ప్రసంగం. నిన్న మీటింగ్‌లో అందరూ నా వైపు తిరిగి "నువ్వు చిన్నవాడివి, సోషల్ మీడియా నువ్వు చూసుకో" అన్నారు. సరే అనేశాను. ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది. ఫోన్లో అందరివీ చదువుతాను గానీ నేనెప్పుడూ ఏమీ రాసినవాణ్ని కాదు. మా పేజీకి ఫాలోయర్లు నాలుగు వందల లోపే. ఇంగ్లిష్‌లో మాట్లాడితే ఫరవాలేదు, నలుగురూ చదివేలా రాయాలంటే చెయ్యి ఆడదు. పైగా మన డప్పు మనమే కొట్టుకోవడం నాకు చేతకాదు. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో చెప్పగలరా?

పాత సభ్యురాలు:

నమస్కారమండి. తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నాకూ ఇలాగే, అడక్కుండానే అప్పజెప్పారు.

డప్పు కొట్టుకోవడం రాదన్నారు కదా, అయితే మీకు ఈ పని బాగానే వస్తుంది. "మా స్టాల్ నంబర్ ఫలానా, రండి రండి" అని గంటకోసారి కేకపెట్టే పేజీలు ప్రతి కాన్ఫరెన్స్‌లోనూ బోలెడుంటాయి. వాటిని ఎవరూ చదవరు. పక్క హాల్లో ఏం జరిగిందో చెప్పేవాళ్లని మాత్రం అందరూ చదువుతారు. ఒకే సమయంలో ఐదారు సెషన్లు నడుస్తుంటే ఎవరైనా ఒక్కదాంట్లోనే కదా కూర్చోగలరు. మిగతా చోట్ల ఏమన్నారో తెలుసుకోవాలని ప్రతి ఒక్కరికీ ఉంటుంది. ఆ కబురు మీ పేజీ మోసుకొస్తే మీ సంస్థ పేరు మీరు చెప్పకుండానే వాళ్లకి గుర్తుంటుంది. నా లెక్క ఇదీ: పది పోస్టుల్లో ఏడు ఇతరుల ప్రసంగాల గురించి, రెండు మీ సంస్థ గురించి, ఒకటి అక్కడున్నవాళ్లకి పనికొచ్చే మాట. హాలు మారింది, ఫలానా సెషన్ అరగంట ఆలస్యం, ఛార్జింగ్ పెట్టుకునే చోటు కింద అంతస్తులో ఉంది, ఇలాంటివి. నవ్వకండి, ఆ చివరి రకం పోస్టుకి వచ్చినన్ని థ్యాంక్స్ నాకు ఇంకే పోస్టుకీ రాలేదు.

అసలు హ్యాష్‌ట్యాగ్ అనేది ఇలాంటి అవసరంలోంచే పుట్టింది. ఒక గుంపుకి సంబంధించిన మాటల ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టుకుంటే ఎలా ఉంటుందని 2007 ఆగస్టులో క్రిస్ మెస్సినా అనే టెక్నాలజీ డిజైనర్ ట్విటర్‌లో అడిగాడు. ఉదాహరణకి ఆయన రాసింది బార్‌క్యాంప్ అనే టెక్నాలజీ సమావేశాల పేరే. అదే ఏడాది మార్చిలో అమెరికాలోని ఆస్టిన్‌లో జరిగిన సౌత్ బై సౌత్‌వెస్ట్ అనే టెక్నాలజీ, సంగీత ఉత్సవంలో, వచ్చినవాళ్లు రాస్తున్న మాటల్ని ట్విటర్ వాళ్లు నడవాల్లో పెద్ద తెరల మీద చూపించారు. ట్విటర్‌కి ఊపు వచ్చింది అక్కడే.

కాబట్టి హ్యాష్‌ట్యాగ్ సొంతంగా కనిపెట్టకండి. ఆర్గనైజర్లు ఇచ్చినదాన్ని పొల్లు పోకుండా వాడండి. ఈ రోజే కూర్చుని పోయినేటి హ్యాష్‌ట్యాగ్‌ని ఎక్స్‌లో (అదే, పాత ట్విటర్), లింక్డిన్‌లో, ట్విటర్‌లాంటిదే అయిన బ్లూస్కైలో వెతకండి. మీ రంగం జనం ఎక్కడ ఉన్నారో పది నిమిషాల్లో తేలిపోతుంది. పరిశోధన చేసేవాళ్లు చాలామంది ఎక్స్ వదిలి బ్లూస్కైకి వెళ్లారు, 2024 ఫిబ్రవరి నుంచి అందులో ఆహ్వానం లేకుండా ఎవరైనా చేరొచ్చు. ఉద్యోగాలు, వ్యాపారాల వైపు వాళ్లయితే లింక్డిన్‌లోనే ఉంటారు. జనం ఉన్నచోట ఒకటి, మహా అయితే రెండు చాలు. ఎక్స్‌లో మామూలు ఖాతాకి 280 అక్షరాలు, బ్లూస్కైలో 300. 280లో ఇమిడేలా రాస్తే రెండు చోట్లా సరిపోతుంది. లింక్డిన్‌కి సెషన్‌కొక పోస్టు వద్దు, సాయంత్రం ఒక్కటి, కాస్త వివరంగా.

చేసే పనిలో సగానికి పైగా మీరు అక్కడికి వెళ్లకముందే అయిపోవాలి. ప్రోగ్రామ్ దగ్గర పెట్టుకుని మీరు కూర్చోబోయే సెషన్లు గుర్తుపెట్టుకోండి. ఆ వక్తల పేర్లు ఎలా రాస్తారో, వాళ్ల ఖాతాలు ఏవో ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించండి. ఒకే పేరుతో పదిమంది ఉంటారు, అప్పటికప్పుడు హాల్లో వెతికితే తప్పు మనిషిని ట్యాగ్ చేస్తారు. మన పేర్లని జనం ఎన్ని రకాలుగా విరిచేస్తారో నాలుగు నెలల్లో మీకీపాటికి తెలిసే ఉంటుంది. మీరు ఆ పని ఇంకొకరికి చెయ్యకండి. వారం ముందు "ఈ ప్రసంగం కోసం ఎదురుచూస్తున్నాం" అని ఒక్కొక్కరి గురించి ఒక పోస్టు పెట్టండి, ఎందుకు ఎదురుచూస్తున్నారో కూడా ఒక ముక్క రాయండి. వాళ్లలో కొందరు జవాబిస్తారు. అక్కడ ఎదురుపడినప్పుడు మాట కలపడానికి అదే దారి.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. సంస్థ ఖాతాలోకి మీ ఫోన్ నుంచి ముందే లాగిన్ అవ్వండి. కొత్త చోటి నుంచి లాగిన్ అయితే కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ ఆఫీసులో ఎవరి ఫోన్‌కో వెళుతుంది, వాళ్లు ఆ రోజు సెలవులో ఉంటారు.

ముందే రాసి షెడ్యూల్ చేసిన పోస్టులతో జాగ్రత్త. ఒకసారి మా డైరెక్టర్ ప్రసంగం పదకొండింటికి. "ఇంత మంచి ప్రసంగం విన్నవాళ్లందరికీ ధన్యవాదాలు" అని పన్నెండింటికి షెడ్యూల్ చేసి పెట్టాను. పదీ యాభైకి ఫైర్ అలారం మోగింది. అందరం రోడ్డు మీద నిలబడి ఉండగా మా పేజీ జరగని ప్రసంగానికి ధన్యవాదాలు చెప్పింది. దాని కింద వచ్చిన మొదటి కామెంటు మా డైరెక్టర్‌దే. అప్పట్నుంచి ప్రసంగం "జరిగింది" అనే పోస్టు డ్రాఫ్ట్‌లోనే ఉంచి చేత్తో నొక్కుతున్నాను.

ఇంకో సభ్యుడు:

బ్రదర్, నేను కొంచెం అడ్డంగా మాట్లాడతాను, అక్కగారు ఏమీ అనుకోవద్దు. స్టాల్ దగ్గర తల వంచుకుని ఫోన్ నొక్కుతున్న మనిషి దగ్గరికి ఎవరూ రారు. మాది చిన్న కంపెనీ, నేను పదిహేను కాన్ఫరెన్సుల్లో నిలబడ్డాను. మాకు వచ్చిన పని అంతా కాఫీ బ్రేకుల్లో మాట్లాడినవాళ్ల ద్వారానే వచ్చింది. మొదటి రెండుసార్లు నేనూ లైవ్‌గా రాశాను, మూడు రోజులూ ఒక్క ప్రసంగం బుర్రకెక్కలేదు. ఇప్పుడు నా పద్ధతి: పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అంతే. సెషన్‌లో కాగితం మీద నోట్స్ రాసుకుంటాను, మనుషుల పేర్లతో సహా. ఇంటికెళ్లాక వారంలోపు వాళ్లందరికీ లింక్డిన్‌లో రిక్వెస్ట్, ఎక్కడ కలిశామో ఒక లైన్ జోడించి. ఉత్త రిక్వెస్ట్ పంపితే ఎవరో అనుకుని వదిలేస్తారు.

స్టాల్‌లో క్యూఆర్ కోడ్ పెడుతున్నారా? ప్రింట్‌కి ఇచ్చేముందు ఒక మాట. మామూలు కోడ్‌లో వెబ్ అడ్రస్సే ఉంటుంది, తర్వాత ఆ పేజీ అడ్రస్ మారితే మీరు పంచిన కాగితాలన్నీ చెత్తబుట్టకే. మీ సొంత వెబ్‌సైట్‌లో ఒక చిన్న అడ్రస్ తీసుకుని దాన్ని కావలసిన చోటికి మళ్లించుకోండి. కోడ్ కింద ఆ అడ్రస్ అక్షరాల్లో కూడా వేయించండి. హాల్లో నెట్ రాకపోతే రాసుకుని వెళతారు.

కొత్త సభ్యుడు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అక్కా, మీరు చెప్పిన స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టాను. మూడు సందేహాలు. ఒకటి, స్లైడ్‌లు ఫోటో తీసి పెట్టొచ్చా? అందరూ తీస్తూనే ఉంటారు కదా. రెండు, మనుషుల ఫోటోలు? మూడు, డైరెక్టర్‌గారు రోజుకి ఇరవై పోస్టులు కావాలని, చివర్లో లైకుల లెక్క ఇవ్వాలని అన్నారు. నాకు ఆ ఇరవై ఎక్కణ్నుంచి తేవాలో తెలియడం లేదు. ఇంగ్లిష్ భయం సంగతి సరేసరి.

పాత సభ్యురాలు:

అక్కా అన్నావు కాబట్టి ఇక నువ్వు అనే అంటాను.

పైన ఆయన చెప్పింది స్టాల్ వరకూ నిజమే. స్టాల్‌లో నీ వంతు ఉన్నంతసేపూ ఫోన్ జేబులోనే ఉండాలి. సెషన్‌లో కూర్చున్నప్పుడు మాత్రం నా మాటే విను.

స్లైడ్‌ల సంగతి. అందరూ తీస్తున్నారు కదా అని తియ్యకు. ముందు కాన్ఫరెన్స్ నియమాలు చదువు. తర్వాత వక్త మొదటి స్లైడ్ చూడు, కెమెరా బొమ్మ మీద అడ్డగీత ఉంటే ఫోన్ దించెయ్యి. ఈ విషయంలో పెద్ద పెద్ద సభలే కిందామీదా పడ్డాయి. 2009లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లేబొరేటరీలో జరిగిన జన్యుశాస్త్ర సమావేశం నుంచి అక్కడికి వచ్చిన శాస్త్రవేత్తే ఒకాయన నెట్‌లో రాశాడు. విలేకరులు వక్త అనుమతి తీసుకోవాలన్నప్పుడు ఈయనకి ఎందుకు అక్కర్లేదని గొడవైంది, ఆ తర్వాత ఆ నియమం అందరికీ పెట్టారు. 2017లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వాళ్లు తమ సభలో స్లైడ్ ఫోటోలు పెట్టినవాళ్లని తీసెయ్యమని ట్విటర్‌లోనే అడిగారు. వాళ్ల మీదే విమర్శలు రావడంతో మరుసటి ఏడాది నియమం సడలించారు. అంటే ఒక్కో చోట ఒక్కో తీరు. ఇంకా ప్రచురించని పరిశోధన అయితే అనుమతి ఉన్నా సరే, అంకెలు రాయకుండా సారాంశం రాయడం నయం. నేనొకసారి ఒకావిడ గ్రాఫ్ పెట్టేస్తే భోజనాల దగ్గర వచ్చి మెల్లగా "అది ఇంకా పత్రికకి పంపలేదమ్మా" అంది. తీసేశాను గానీ అప్పటికే ఎందరో షేర్ చేశారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

ఎవరైనా "ఇది చాటమ్ హౌస్ రూల్ కింద జరుగుతోంది" అంటే, విన్న విషయం వాడుకోవచ్చు గానీ ఎవరన్నారో, వాళ్లది ఏ సంస్థో బయటపెట్టకూడదని అర్థం. లండన్‌లోని చాటమ్ హౌస్ అనే అంతర్జాతీయ వ్యవహారాల సంస్థలో 1927లో పెట్టిన పద్ధతి అది. కొత్తవాళ్లకి తెలియక వక్తని ట్యాగ్ చేసి మరీ రాసేస్తారు.

మనుషుల ఫోటోలకి అడగడం తప్ప వేరే దారి లేదు. కొన్నిచోట్ల ఫోటో వద్దన్నవాళ్లకి బ్యాడ్జ్ తాడు వేరే రంగులో ఇస్తారు, చూసుకో. యూరప్‌లో అయితే 2018 మే నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లో ఉంది, మనిషి గుర్తుపట్టేలా ఉన్న ఫోటో కూడా వ్యక్తిగత సమాచారమే. వేదిక మీదున్నవాళ్ల సంగతి వేరు, వినేవాళ్ల ముఖాలు దగ్గరగా తియ్యకు. వెనక నుంచి, తలలూ తెరా కనిపించేలా తీస్తే హాలు నిండుగానూ కనిపిస్తుంది.

ఫోటో పెట్టినప్పుడు ఆల్ట్ టెక్స్ట్ రాయి, అంటే చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్ చదివే వర్ణన. స్లైడ్ అయితే దాని మీద ఏముందో రాయి, "స్లైడ్ ఫోటో" అని వదిలెయ్యకు. హ్యాష్‌ట్యాగ్‌లో ప్రతి మాట మొదటి అక్షరం క్యాపిటల్‌లో పెట్టు, స్క్రీన్ రీడర్ మాటలు విడగొట్టి చదవగలుగుతుంది. చూపున్నవాళ్లకీ మేలే. 2013 ఏప్రిల్‌లో బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ చనిపోయినప్పుడు "ఇక థాచర్ లేరు" అనే అర్థంతో #nowthatchersdead అనే హ్యాష్‌ట్యాగ్ అన్నీ చిన్న అక్షరాల్లో తిరిగింది. మాట ఎక్కడ విరవాలో తెలియక, "now that Cher's dead" అని చదువుకుని, పోయింది గాయని షేర్ అనుకుని ఆమె అభిమానులు గోలపెట్టారు.

ఇంగ్లిష్ గురించి. వక్త అన్నదాంట్లో ఒక్క వాక్యం పట్టుకో, పేరు రాయి, అంతే. "ఫలానా ఆవిడ: కొత్త వాలంటీర్లు మొదటి నెలలోనే మానేస్తున్నారు, కారణం పని ఎక్కువవడం కాదు, పని చెప్పేవాళ్లు లేకపోవడం." ఇంతకంటే ఇంగ్లిష్ ఏం కావాలి? వాళ్ల మాటలు యథాతథంగా రాస్తే కొటేషన్ గుర్తులు పెట్టు, నీ మాటల్లో రాస్తే పెట్టకు. నీ అభిప్రాయమైతే విడిగా ఇంకో పోస్టు. ఈ మూడూ కలిస్తేనే తగాదాలు వస్తాయి, గ్రామర్ తప్పులకి ఎవరూ తగాదాకి రారు. స్పష్టంగా వినిపించకపోతే ఊహించి రాయకు.

ఇక ఇరవై పోస్టులు. వద్దని చెప్పు, కానీ ఉత్తినే వద్దనకు. ఆరు మంచి పోస్టులు, స్టాల్‌కి వచ్చినవాళ్ల లెక్క, క్యూఆర్ కోడ్ తెరిచినవాళ్ల లెక్క, తర్వాత మెయిల్ రాసినవాళ్ల లెక్క ఇస్తానని చెప్పు. పోస్టుల్లో పెట్టే లింకుకీ కాగితం మీది కోడ్‌కీ వేర్వేరు అడ్రసులు పెడితే ఎవరు ఎటునుంచి వచ్చారో తెలుస్తుంది. లైకులు అడిగితే అవీ ఇచ్చెయ్, చివరి లైన్లో.

కొత్త సభ్యుడు:

కాన్ఫరెన్స్ అయిపోయింది, వచ్చి చెబుదామని. డైరెక్టర్‌గారు ఎనిమిదికి ఒప్పుకున్నారు, ఆరు చాలన్నా వినలేదు. మొదటిరోజు హాల్లో వైఫై లేదు, రాసినవన్నీ డ్రాఫ్ట్‌లో పెట్టుకుని సాయంత్రం వదిలాను. లాగిన్ కోడ్ నిజంగానే సెలవులో ఉన్న మనిషి ఫోన్‌కి వెళ్లింది, కాకపోతే వారం ముందే ప్రయత్నించాను కాబట్టి సరిపోయింది. మా సంస్థ గురించి పెట్టిన పోస్టులకి లైకులు మా ఆఫీసు వాళ్లవే. అక్కడ ప్రదర్శనకి పెట్టిన ఒక పరిశోధన పోస్టర్ గురించి నాలుగు లైన్లు రాస్తే ఆ పోస్టర్ అమ్మాయి తన ప్రొఫెసర్‌ని వెంటబెట్టుకుని మా స్టాల్‌కి వచ్చింది. అరగంట మాట్లాడారు. డైరెక్టర్‌గారే ఎక్కువ మాట్లాడారు, నేను నోట్స్ రాసుకున్నాను.

అక్కా, ఒక చిన్న సంగతి. రెండో రోజు ఒక వక్త పేరు తప్పు రాశాను. ఎక్స్‌లో మామూలు ఖాతాకి దిద్దుకోవడం కుదరదు. తీసేసి మళ్లీ పెట్టాలా, కింద సవరణ రాయాలా?

పాత సభ్యురాలు:

ఎవరూ జవాబివ్వకపోతే తీసేసి మళ్లీ పెట్టు. జవాబులు వచ్చి ఉంటే కింద సవరణ రాసి ఆ వక్తని ట్యాగ్ చెయ్యి. ఆ వక్తకి విడిగా ఒక మెసేజ్ కూడా పెట్టు, ఇవాళే.