అమ్మ నోటుబుక్కులోని ఆవకాయ కొలతలు: సోల, తవ్వ, గిద్దె లెక్క ఎలా?

అడిగినవారు: కొత్తజాడీ

అమ్మ పోయాక వచ్చే మొదటి ఆవకాయ కాలం ఇది. ఆవిడ వంటల నోటుబుక్కులో ఇలా ఉంది: "ముక్కలు 4 తవ్వలు, కారం తవ్వ, ఆవపిండి తవ్వ, ఉప్పు తవ్వకి గిద్దె తక్కువ, మెంతులు పిడికెడు, నూనె పట్టినంత." ఆవిడ తవ్వ ఇంట్లో లేదు. గ్రాముల్లోకి ఎలా మార్చాలి? పుస్తకం కూడా పాడవుతోంది, నూనె మరకలు, గుండుసూదుల తుప్పు. రెండిటికీ సలహా కావాలి.

గట్టుమీదిల్లు:

గ్రాముల జోలికి వెళ్లకండి. ఆవిడ రాసింది పాళ్లు. 4 గిద్దెలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. తవ్వకి గిద్దె తక్కువంటే ఎనిమిదిలో ఏడు వంతులు. మీ ఇంట్లో ఉన్న ఏ గ్లాసునైనా తవ్వ అనుకోండి: ముక్కలు 4 గ్లాసులు, కారం 1, ఆవపిండి 1, ఉప్పు గ్లాసుకి కాస్త వెలితి. తవ్వ దొరక్కపోయినా నష్టం లేదు, అన్నీ ఒకే గ్లాసుతో, ఒకేలా తలకొట్టి కొలిస్తే చాలు. ఒకటి గోపురంగా, ఒకటి చదునుగా పోస్తేనే తేడా వచ్చేది.

చిక్కంతా ఉప్పు దగ్గరే. పాతకాలం రాత అంటే కల్లుప్పు ఎండబెట్టి దంచిన పొడి. ఇప్పటి ప్యాకెట్ సన్న ఉప్పు అదే గ్లాసులో ఎక్కువ బరువు తూగుతుంది, లీటరుకి దాదాపు 1.2 కిలోలు. గరుకుగా దంచిన కల్లుప్పు అంత తూగదు. అందుకే అదే కొలత పోసినా ఉప్పుకషాయం అవుతుంది. కల్లుప్పే తెచ్చి ఎండలో పెట్టి దంచుకోండి.

ఆవగోరు:

కొలత కుదిరినా ఆవకాయ చెడేది తడి వల్ల. పుల్లగా, గట్టిగా, టెంక పట్టిన కాయ తీసుకోండి. గంటసేపు నీళ్లలో వేస్తే సొన వదులుతుంది. తర్వాత పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టాకే కొట్టాలి. జీడి, దాని చుట్టూ ఉండే పల్చటి పొర తీసేయండి, టెంక మాత్రం ముక్కకి ఉండాలి. అది లేని ముక్క నెల తిరగకుండా మెత్తబడిపోతుంది.

ఆవాలు వేయించొద్దు, ఎండబెట్టి కొట్టండి. మిక్సీ ఆపకుండా తిప్పితే పొడి వేడెక్కి ఘాటు పోతుంది, చేదు తిరుగుతుంది. ఆగి ఆగి తిప్పి, ప్రతిసారీ చల్లారనివ్వండి. అమెరికాలో ఉండి డబ్బాలో దొరికే ఆవపొడి కొనేవాళ్లు వెనక రాసింది చదవాలి. కొన్నిట్లో గోధుమపిండి, పసుపు కలిపి ఉంటాయి.

"నూనె పట్టినంత" అంటే మొదటిరోజు ముక్కకి పట్టేంత. నువ్వుల నూనెలో ముక్కలు ముంచి, కలిపిన పిండిలో దొర్లించి జాడీలో వేసి, మిగిలిన పిండి, కాస్త నూనె పైన పోసి వాసెన (జాడీ మూతికి పొడిగుడ్డ) కట్టండి. మూడోరోజు ఊట దిగాక తిరగకలిపి, పైన వేలెడు మందం తేలేదాకా మళ్లీ పోయాలి. ముక్క నూనె పైకి తేలితే అక్కడే బూజు మొదలవుతుంది.

వెల్లుల్లి మాట ఆవిడ రాయలేదు కదా, ఎవరు చెప్పినా వేయకండి. తెలంగాణ ఇళ్లలో అల్లంవెల్లుల్లి ముద్ద వేసి, పోపునూనె చల్లార్చి కలిపే పద్ధతి ఉంది. అదీ మంచిదే, కానీ మీ అమ్మగారిది కాదు.

పాతకాగితం:

పుస్తకం సంగతి. లామినేషన్ చేయించొద్దు. ఆ వేడికి, జిగురుకి సిరా పాడవ్వచ్చు, తర్వాత కాగితాన్ని విడదీయలేం. సెల్లోటేపు పసుపెక్కి అక్షరాలనీ పాడుచేస్తుంది. గుండుసూదుల్ని లాగకుండా, కింద పల్చటి అట్టముక్క పెట్టి మెల్లగా జార్చి తీయండి. మరకని తడిగుడ్డతో అసలు తుడవొద్దు, ఫౌంటెన్ పెన్ను రాత అయితే ఒక్క తడికి పేజీ అంతా అలుక్కుపోతుంది.

స్కానరుంటే 600 డీపీఐలో, రంగుల్లోనే తీయండి. నలుపు తెలుపులో తీస్తే పెన్సిలు రాతకీ మరకకీ తేడా తెలియదు. ఫోనుతో అయితే ఫ్లాష్ ఆపి, పగటి వెలుతురులో పైనుంచి నిటారుగా. ఖాళీ పేజీలూ, అట్ట లోపలి వైపూ వదలొద్దు, పాలవాడి లెక్కలు అక్కడే ఉంటాయి. టైపు చేసేటప్పుడు ఆవిడ రాసిన వర్ణక్రమం దిద్దకండి.

కొత్తజాడీ:

చాలా థ్యాంక్సండీ. ఇప్పుడే చూశాను, ఉప్పు వరుస పక్కన వేరే సిరాతో సన్నగా "ఈసారి ఎక్కువైంది" అని ఉంది. ఏం చేయాలి?

గట్టుమీదిల్లు:

అది తర్వాత ఎప్పుడో రాసుకున్నదన్నమాట. బహుశా ప్యాకెట్ ఉప్పుకి మారిన ఏడాది అయ్యుంటుంది, లేదా కాయ పులుపు తక్కువై ఉంటుంది. టైపు చేసేటప్పుడు దాన్ని విడిగా, సిరా రంగుతో సహా రాయండి. కలిపేటప్పుడు ఏడు గిద్దెల బదులు ఆరు వేయండి. మూడోరోజు తిరగకలిపి రుచి చూస్తే ఉప్పు కాస్త ఎక్కువనిపించాలి, ముక్క ఇంకా పీల్చుకుంటుంది. అప్పుడే సరిపోయినట్టుందంటే మిగిలిన గిద్దె కూడా కలిపేయండి. ఉప్పు తగ్గితే నిలవుండదు. బాగా ఎక్కువైతే మాత్రం ముక్కలు పెంచడం తప్ప దారి లేదు, రెండు కాయలు కొట్టకుండా పక్కన పెట్టుకోండి.