చిన్న ఉపగ్రహం పోతే పోయిందిలే అనుకోవచ్చా?

తోకచుక్క:
మా బృందం క్యూబ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహం ఒకటి కడుతోంది. ఒక్కో వైపు పది సెంటీమీటర్లు, అరచేతిలో పట్టేటంత. రాకెట్ వారికి అప్పగించాల్సిన గడువు దగ్గర పడింది. గాలి తీసేసిన శూన్యగదిలో వేడికీ చలికీ గురిచేసే పరీక్ష ఇంకా మిగిలే ఉంది, దానికి రెండు వారాలు పడుతుంది. దాన్ని వదిలేద్దామని సగం మంది పట్టుబడుతున్నారు. చిన్న ఉపగ్రహాలు పోవడం మామూలే, పోతే ఇంకొకటి కడదాం అంటున్నారు. నాకది మింగుడు పడడం లేదు. 2000 నుంచి 2016 వరకు ప్రయోగించిన చిన్న ఉపగ్రహాల లెక్క నాసాలో తీస్తే 41.3 శాతం పూర్తిగానో కొంతవరకో విఫలమయ్యాయని తేలింది. ఇంత నష్టాన్ని మామూలే అని సరిపెట్టుకోవచ్చా?

గువ్వలగుంపు:
తోకచుక్క గారూ, ఆ అంకెను విడదీసి చూడండి. అందులో 6.1 శాతం రాకెట్ల వల్ల పోయినవి, ఉపగ్రహాల తప్పేమీ లేదు. 11 శాతం కొంతవరకు పనిచేసినవే. తమంతట తాము పూర్తిగా విఫలమైనవి 24.2 శాతం. అది తక్కువని నేను అనను. కానీ 2014 అక్టోబరు 28న యాంటారిస్ రాకెట్ పేలినప్పుడు ప్లానెట్ సంస్థ కట్టిన డవ్ అనే చిన్న ఉపగ్రహాలు 26 ఒక్కసారిగా బూడిదయ్యాయి. ఆ శ్రమంతా ఒకే పెద్ద ఉపగ్రహంలో పెట్టి ఉంటే కోలుకోవడం ఎంత కష్టమయ్యేదో ఆలోచించండి. వాళ్లు మళ్లీ కట్టుకున్నారు. 2017 ఫిబ్రవరి 15న పీఎస్‌ఎల్‌వీ ఒకేసారి 104 ఉపగ్రహాలను మోసుకెళ్తే వాటిలో 88 వాళ్లవే. నమ్మకం పెట్టుకోవలసింది గుంపు మీద. ఒకటి ఆగిపోతే పక్కది ఆ పని అందుకుంటుంది. పెద్ద ఉపగ్రహాలకు చేసే పరీక్షలన్నీ ప్రతి చిన్నదానికీ చేయాల్సిందేనంటే అసలు ఈ రంగమే పుట్టేది కాదు.

నిక్రోమ్ తీగ:
గుంపు వాదన గుంపు ఉన్నవారికి పనికొస్తుంది. తోకచుక్క గారికి ఉన్నది ఒక్కటే. పైగా గుంపులో అన్నీ ఒకే అచ్చులో పోసినవైతే అన్నీ ఒకే దెబ్బకు పోతాయి. 2022 ఫిబ్రవరిలో 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను తక్కువ ఎత్తులో వదిలారు. సూర్యుడి విజృంభణకు రేగిన భూ అయస్కాంత తుఫానుకు అక్కడి గాలి చిక్కబడింది, 40 దాకా తిరిగి కిందికి జారి కాలిపోయాయి.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఉపగ్రహం సంగతి చెబుతాను. దాని యాంటెన్నాలు ఉక్కు కొలత టేపు ముక్కలు. వాటిని వంచి నైలాన్ దారంతో కట్టేస్తాం. కక్ష్యలోకి వదిలాక కనీసం ముప్పై నిమిషాలు ఆగి నిక్రోమ్ తీగలోకి కరెంటు పంపితే, అది ఎర్రబడి దారాన్ని తెంపుతుంది, టేపు టక్కున నిటారుగా లేస్తుంది. బల్ల మీద నలభై సార్లు చేశాం, నలభై సార్లూ తెగింది. చల్లబరిచిన శూన్యగదిలో మొదటిసారే తెగలేదు. చలికి బ్యాటరీ నీరసించింది. తీగ కరెంటు లాగగానే వోల్టేజి పడిపోయి కంప్యూటర్ రీసెట్ అయింది. మళ్లీ మేలుకున్న కంప్యూటర్ తాను అప్పుడే కక్ష్యలోకి వచ్చాననుకుని ముప్పై నిమిషాలు మొదటి నుంచి లెక్కపెట్టింది, మళ్లీ కరెంటు ఇచ్చింది, మళ్లీ పడిపోయింది. రాత్రంతా ఆ గది కిటికీ ముందు కూర్చుని అదే చూశాం. సరిచేయడానికి రెండు రోజులే పట్టింది. రీసెట్ల లెక్కను కరెంటు పోయినా చెరగని మెమొరీలో దాచాం, తీగకు ముందు బ్యాటరీని వెచ్చబెట్టాం. ఆ గదిలో పెట్టకుండా పంపి ఉంటే మా ఉపగ్రహం పైన మూగగా తిరుగుతూ ఉండేది, ఎందుకో మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

కక్ష్యాపథం:
చచ్చిన ఉపగ్రహం కూడా తిరుగుతూనే ఉంటుందని మరవద్దు. 400 కిలోమీటర్ల ఎత్తులో వదిలింది గాలి రాపిడికి త్వరగానే దిగి కాలిపోతుంది. 800 కిలోమీటర్ల దగ్గరైతే దశాబ్దాల పాటు అందరి దారికీ అడ్డమే. పని ముగిసిన ఉపగ్రహాన్ని కక్ష్య నుంచి దించేయడానికి ఉన్న పాత 25 ఏళ్ల గడువును అమెరికా సమాచార ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2022లో ఐదేళ్లకు కుదించింది కూడా ఇందుకే. పోతే పోయింది అనేవారు ముందు తమది ఎంత ఎత్తో చెప్పాలి.

గువ్వలగుంపు:
నిక్రోమ్ తీగ గారి అనుభవం చదివాక ఆ పరీక్ష విషయంలో నా పట్టు సడలిస్తున్నాను. కానీ ఆగడానికీ మూల్యం ఉంది. విద్యార్థి బృందాల్లో ఏడాది ఆలస్యమైతే ఆ వైరింగ్ ఎరిగినవారే పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు. నాసా చంద్రుడి వైపు పంపిన ఆర్టెమిస్-1లో పది క్యూబ్‌శాట్‌లను 2021లోనే ఎక్కించారు, రాకెట్ ఎగిరింది 2022 నవంబరు 16న. కొన్నింటి బ్యాటరీలను మధ్యలో ఛార్జ్ చేసే వీలు లేకపోయింది.

తొలి సంకేతం:
పోవడంలో తేడా ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయం 2010 నవంబరులో పంపిన రాక్స్-1 అనే క్యూబ్‌శాట్ సౌరఫలకాలు క్రమంగా చచ్చుబడి రెండు నెలలకే ముగిసిపోయింది. అయితే బతికినన్నాళ్లూ తన ఒంట్లో ఏం జరుగుతోందో చెబుతూ వచ్చింది. 2011 అక్టోబరులో అదే బృందం పంపిన రాక్స్-2 పని నెరవేర్చింది. ఇలాంటి వైఫల్యాన్ని నేను ఒప్పుకుంటాను. చిన్నది కాబట్టి తొందరగా పోవాలన్న నియమమూ లేదు. టోక్యో విద్యార్థులు మామూలు ఎలక్ట్రానిక్ భాగాలతోనే కట్టిన ఎక్స్‌ఐ-4 2003 జూన్ 30న వెళ్లి, ఇరవై ఏళ్ల తర్వాత కూడా పలికింది.

తోకచుక్క:
మాది 500 కిలోమీటర్ల కక్ష్య. ఈ చర్చను మా బృందానికి చదివి వినిపించాను. రెండు వారాలు కుదరవు గానీ నాలుగు రోజులు శూన్యగది దొరికింది. ఆ నాలుగు రోజులూ చలిలో యాంటెన్నా విప్పే పరీక్షకే. రీసెట్ల లెక్క, బ్యాటరీ వోల్టేజి తొలి సంకేతంలోనే వచ్చేలా ప్రోగ్రాం మారుస్తున్నాం.

నిక్రోమ్ తీగ:
సంతోషం. ఒక్క మాట. గదిలో పెట్టేటప్పుడు బ్యాటరీని నిండుగా ఛార్జ్ చేయకండి, సగమే ఉంచండి. రాకెట్‌లో నెలల తరబడి కూర్చున్నాక మీకు మిగిలేది అలాంటి బ్యాటరీయే.