షరతుతో వచ్చిన విరాళాన్ని ఖాతాల్లో ఎలా చూపాలి?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధిగ్రస్తులకు తోడ్పడే ఒక చిన్న ట్రస్టును నేను నిర్వహిస్తున్నాను. మంచినీటి శుద్ధి యంత్రానికే వాడాలన్న లిఖితపూర్వక షరతుతో ఒక దాత మార్చిలో విరాళం ఇచ్చారు గానీ, యంత్రం జూన్‌కు ముందు రాదు. మార్చి 31 నాటి లెక్కల్లో ఈ మొత్తాన్ని ఆదాయంగా చూపాలా, లేక ఖర్చయ్యేవరకు బ్యాలెన్స్ షీటులో బాధ్యతల వైపు ప్రత్యేక నిధిగా ఉంచాలా? ఆదాయమైతే, పన్ను మినహాయింపు కోసం 85 శాతాన్ని ఆ ఏడాదే వినియోగించాలన్న నియమం వర్తిస్తుంది కదా. మిగులును 5 ఏళ్ల వరకు కూడబెట్టుకునే వెసులుబాటుకు దరఖాస్తు చేయడమే మార్గమా? దీన్ని కార్పస్‌గా (అంటే ఖర్చు చేయకుండా ఉంచే శాశ్వత మూలనిధిగా) రాయమని ఒకరు సూచించారు. దాత అలా నిర్దేశించలేదు కనుక అది ఆయన నమ్మకాన్ని వమ్ము చేయడమేనని నేను భావిస్తున్నాను. ట్రస్టుల ఖాతాలు చూసిన అనుభవజ్ఞులు జర్నల్ పద్దులతో సహా వివరించవలసిందిగా ప్రార్థన.