పిత్తాశయ శోథ (గాల్‌బ్లాడర్ వాపు) నిర్ధారణలో డాప్లర్ ఎంతవరకు ఉపయోగపడుతోంది?

రేడియాలజీ పీజీ, వరంగల్:
జ్వరంతోనూ, కుడి పక్కటెముకల కింద నొప్పితోనూ వచ్చినవారిలో పిత్తాశయపు గోడ 3 మిల్లీమీటర్లకు మించి కనిపించినప్పుడు, అది తీవ్రమైన శోథా లేక డెంగీ వల్ల చేరిన నీరా అన్నది మామూలు స్కాన్‌తో తేల్చడం వానాకాలంలో కష్టమవుతోంది. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే డాప్లర్‌ను మీరు ఏ మేరకు నమ్ముతున్నారో చెప్పగలరా?

రేడియాలజిస్ట్, గుంటూరు:
రాయి పిత్తాశయపు మెడ భాగంలో ఇరుక్కుందా, సరిగ్గా పిత్తాశయం మీద స్కాన్ ప్రోబ్‌తో నొక్కినప్పుడే నొప్పి ఎక్కువవుతోందా అన్నవి ముందు చూస్తాను. డాప్లర్ ఆ తరువాతే. పిత్తాశయానికి రక్తం తెచ్చే సిస్టిక్ ధమని మెడ వైపు నుంచి వస్తుంది కాబట్టి అక్కడ కాస్త రంగు కనిపించడం సహజమే గానీ, ఆ రంగు గోడ వెంట ఫండస్ (పిత్తాశయపు అడుగు కొస) దాకా సాగితే శోథ అనే అనుమానం బలపడుతుంది. కాలేయానికి వెళ్లే హెపాటిక్ ధమనిలో సిస్టోలిక్ వేగం (గుండె ముడుచుకున్నప్పటి రక్తవేగం) సెకనుకు 100 సెంటీమీటర్లు దాటడాన్ని కూడా సూచనగా తీసుకుంటారు, అయితే కాలేయ వ్యాధుల్లోనూ అది పెరగవచ్చు. డెంగీలో రక్తనాళాల నుంచి ప్లాస్మా కారి గోడ పొరలుపొరలుగా ఉబ్బుతుంది, సాధారణంగా రంగు అంతగా పెరగదు. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి అనవసరపు ఆపరేషన్ తప్పించగలిగితే అంతకంటే కావలసింది ఏముంది!

సోనాలజిస్ట్, హైదరాబాద్:
రంగు లేదని రాసే ముందు నెమ్మది ప్రవాహం కూడా కనిపించేలా స్కేల్‌నూ, వాల్ ఫిల్టర్‌నూ తగ్గించి, ఊపిరి బిగబట్టించి, మరింత సున్నితమైన పవర్ డాప్లర్‌తో మరోసారి చూడండి. రాయి వెనుక తళుక్కుమనే రంగు రక్తప్రవాహం కాదు. స్పెక్ట్రల్ ట్రేస్ (రక్తవేగపు గ్రాఫ్) పెడితే ఆ తేడా తెలిసిపోతుంది.

సర్జన్, విశాఖపట్నం:
గోడలో రంగు లేదన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. గోడ కుళ్లిపోయినప్పుడు రక్తప్రసరణ ఆగిపోతుంది, నొక్కితే నొప్పి కూడా తెలియకపోవచ్చు. ముఖ్యంగా మధుమేహం ఉన్న పెద్దవారిలో ఇది ప్రమాదకరం. పిత్తాశయ శోథపై 2018 టోక్యో మార్గదర్శకాలు కూడా కడుపు కుడి పై భాగపు లక్షణాలు, జ్వరం లేదా తెల్లరక్తకణాలో సీఆర్‌పీయో (వాపును సూచించే రక్తపరీక్ష) పెరగడం, స్కాన్ ఈ మూడింటినీ కలిపే నిర్ధారించమంటాయి. అనుమానం తీరకపోతే కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీసే సీటీ స్కాన్ అడుగుతాను.

రేడియాలజీ పీజీ, వరంగల్:
ధన్యవాదాలండీ. భోజనం చేసి వచ్చినవారి విషయంలో ఏం చేస్తారు?

రేడియాలజిస్ట్, గుంటూరు:
తిన్న తరువాత పిత్తాశయం ముడుచుకుని గోడ మందంగా కనిపిస్తుంది కనుక, వీలైతే ఆరు గంటలు ఖాళీ కడుపుతో ఉంచి మళ్లీ చూస్తాను. జ్వరం, నొప్పి తీవ్రంగా ఉంటే మాత్రం ఆగకుండా, తిన్న సంగతి రిపోర్టులో రాసి స్కాన్ ముగిస్తాను.