జిప్సీకి ఇంటి దగ్గరే 2 అంగుళాల లిఫ్ట్: చేసినవాళ్లు చెప్పండి

చందంపేట_బాట:
అన్నలకు నమస్తే. మాది దేవరకొండ అవతల, చందంపేట వైపు. బత్తాయి తోటకు పోయే బాటలో ట్రాక్టర్ టైర్లు గాడి తీసి మధ్యలో కట్ట లేచింది. జిప్సీ పొట్ట గీరుకుంటూ పోతోంది. బండిని 2 అంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్ తెప్పిస్తున్నా. నాలుగు కమాన్లు (పట్టీల స్ప్రింగులు), పొడుగు షాకప్‌లు, కమానును ఇరుసుకు బిగించే కొత్త యూ బోల్టులు వస్తాయి. ఒక షెడ్డులో అడిగితే "కిట్ ఎందుకు, ముందూ వెనకా ఇనుప దిమ్మెలు పెట్టి వెల్డింగ్ కొట్టిస్తా" అన్నారు. నాకు మనసు ఒప్పలేదు. ఇంటి దగ్గరే నెమ్మదిగా చేసుకోవాలని ఉంది. మీలో చేసినవాళ్లకు పని ఎక్కడ బిగిసిందో చెప్పండి.

పాలమూరు_జీపు:
మనసు ఒప్పకపోవడమే మంచిదైంది తమ్ముడూ. ముందు హౌసింగ్‌కు, అంటే ముందు ఇరుసు ఉండే ఇనుప గొట్టానికి, దిమ్మె అస్సలు పెట్టొద్దు. బ్రేక్ కొట్టినప్పుడు ముందు చక్రాల మీద పడే తోపుడు మొత్తం ఆ దిమ్మె మీదికే వస్తుంది. ఆ దిమ్మె జారిందంటే హౌసింగ్ పక్కకు పోతుంది, స్టీరింగ్ చేతిలో ఉండదు. ఇక కమాను మీద వెల్డింగ్ అంటే, వేడి తగిలిన చోట ఆ ఉక్కు పదును పోతుంది, తర్వాత అక్కడే విరుగుతుంది.

అయితే ఒకటి అడుగుతా. కింద తగిలేది ఏది? ఇరుసు మధ్య గేర్లుండే డిఫరెన్షియల్ హౌసింగా, ఛాసిస్ మధ్యభాగమా? హౌసింగ్ తగులుతుంటే ఎంత లిఫ్ట్ చేసినా అది అంగుళం కూడా లేవదు, ఎందుకంటే అది చక్రాలతో పాటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. టైరు ఎత్తు 2 అంగుళాలు పెరిగితే హౌసింగ్ 1 అంగుళం లేస్తుంది.

చందంపేట_బాట:
హౌసింగ్ కాదన్నా. ట్రాన్స్‌ఫర్ కేసు (ఫోర్‌వీల్ గేర్ల పెట్టె) కింది పట్టీ, సైలెన్సర్ పైపు తగులుతున్నాయి. వాగు గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపర్ కూడా.

పాలమూరు_జీపు:
అయితే లిఫ్ట్ పనికొస్తుంది. చెయ్యి.

ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క పట్టుకో. రెండు పక్కలా కమాన్లు ఒకేసారి విప్పితే హౌసింగ్‌ను పట్టి ఉంచేది ఏదీ ఉండదు, జాక్ మీదే తిరిగిపోతుంది. మీది చెలక నేల కదా, జాక్ దిగబడుతుంది. కింద మందపాటి చెక్క వేయి. ఛాసిస్ కింద స్టాండ్లు ఉండాలి, హౌసింగ్ కింద వేరే జాక్ ఉండాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టి బండి కింద దూరొద్దు. అవి పగిలే ముందు చప్పుడు కూడా రాదు. నేల మీద మిగిలిన చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టు, హ్యాండ్ బ్రేక్‌ను నమ్ముకోవద్దు.

సాగర్_కట్ట:
నాది పాత జిప్సీయే, ఇంటి వెనక రేకుల షెడ్డులో చేశాం. కమాన్లు మార్చడం తేలిక, బోల్టు ఊడదీయడమే కష్టం. కమాను చివర ఊగే షాకిల్ పట్టీ బోల్టు తుప్పు పట్టి రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. పానా వేస్తే నట్టు తిరుగుతుంది, తల తిరుగుతుంది, బోల్టు మాత్రం రాదు. రబ్బరు మెలిపడి మళ్లీ వెనక్కి లాగుతుంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టండి, పొద్దున మళ్లీ కొట్టండి. అయినా రాకపోతే గ్రైండర్‌తో బుష్‌కు రెండు వైపులా కోయడమే. అందుకే కొత్త షాకిల్ బోల్టులు, బుష్‌లు ముందే తెచ్చి పెట్టుకోండి. గ్యాస్ మంట మాత్రం వద్దు, పక్కనే బ్రేక్ పైపు, వెనక పెట్రోల్ ట్యాంకు ఉంటాయి.

కమాను ఎక్కించాక దాని పట్టీలను కలిపే సెంటర్ బోల్టు తల హౌసింగ్ సీటు రంధ్రంలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. కూర్చోకుండా యూ బోల్టులు బిగిస్తే పైకి అంతా బాగానే కనిపిస్తుంది గానీ హౌసింగ్ వంకరగా ఉంటుంది, బండి ఒక పక్కకు లాగుతుంది.

యూ బోల్టులు నాలుగు కొసలనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించాలి. పాతవి మళ్లీ వాడొద్దు, ఒకసారి బిగిశాక అవి సాగి ఉంటాయి. టార్క్ రెంచ్ (ఎంత బిగువో కొలిచే పానా) లేకపోతే అద్దెకు తెచ్చుకోండి.

డిండి_ఇసుక:
అందరూ మరిచిపోయేది ఒకటుంది. కమాను బుష్ బోల్టులు బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చేత్తో పట్టేంత బిగించి, చక్రాలు వేసి, బండిని నేల మీదికి దింపి, బంపర్ మీద ఎక్కి నాలుగుసార్లు ఊపండి. బరువు మీద కమాను తన చోటికి వచ్చాక అప్పుడు బిగించాలి. గాల్లోనే బిగిస్తే దింపగానే రబ్బరు మెలిపడి ఉంటుంది, కొద్ది రోజుల్లోనే చీలిపోతుంది. "లిఫ్ట్ చేశాక బండి గట్టిగా కొడుతోంది" అనేవాళ్లలో చాలామందిది ఇదే కథ.

బ్రేక్ గొట్టాలు కూడా చూసుకోండి. హౌసింగ్ పూర్తిగా కిందికి వేలాడుతుండగా స్టీరింగ్‌ను ఒకసారి కుడి చివరికి, ఒకసారి ఎడమ చివరికి తిప్పి చూడాలి. గొట్టం బిగుసుకుంటే పొడుగుది వేయక తప్పదు. అది వేశాక బ్రేకుల గాలి తీయించాకే బండి కదిలించండి.

జడ్చర్ల_జిమ్నీ:
నాది జిమ్నీ. స్ప్రింగ్ మీద స్పేసర్ (ఎత్తు పెంచే దిమ్మె) పెడితే సరిపోతుందని ఒకాయన అంటున్నారు. నిజమేనా?

పాలమూరు_జీపు:
అదొక్కటే సరిపోదు. జిమ్నీకి కాయిల్ స్ప్రింగులు, ముందూ వెనకా గట్టి హౌసింగులు. హౌసింగ్‌ను అడ్డంగా పట్టి ఉంచే పానార్డ్ రాడ్ ఒకటి ఉంటుంది. బండి లేస్తే ఆ రాడ్ హౌసింగ్‌ను ఒక పక్కకు లాగుతుంది. వెనక నిలబడి చూస్తే ఒక టైరు బయటికి, ఇంకోటి లోపలికి కనిపిస్తాయి. సర్దుబాటు చేసుకునే రాడ్ వేయాలి. ముందు కాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) కూడా తగ్గుతుంది, హైవే మీద స్టీరింగ్ తేలిపోతుంటుంది. దానికి కాస్టర్ బుష్‌లు వేరే వస్తాయి. ఏబీఎస్ తీగ ఎక్కడా బిగుసుకోకుండా చూసుకో.

2020 తర్వాతి థార్‌కైతే ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రానికి పైనా కిందా విడి ఆర్ములు), షాకప్ చుట్టూనే స్ప్రింగ్ ఉంటుంది. దాన్ని విప్పాలంటే స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి. ఆ పని మాత్రం ఇంటి దగ్గర పెట్టుకోవద్దని నా మాట. నొక్కి పెట్టిన స్ప్రింగ్ జారితే ముఖం మీదికే వస్తుంది.

నకిరేకల్_లైన్:
అందరూ పానాల గురించే మాట్లాడుతున్నారు, ఆర్‌సీ సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన కొలతలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బీమా కంపెనీకి చెప్పకుండా లిఫ్ట్ చేసి రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది తప్పదు. ముందు ఆర్టీఏలో, బీమావాళ్ల దగ్గర రాతపూర్వకంగా అడగండి. ఇంట్లోవాళ్లు ఎక్కే బండి కాబట్టి చెబుతున్నా.

డిండి_ఇసుక:
నిజం. ఇంకో మాట. జిప్సీ వీల్‌బేస్ 2375 మిల్లీమీటర్లు, వెడల్పూ తక్కువే. 2 అంగుళాలు లేపాక మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో మలుపులు మునుపటిలా తీసుకోకూడదు. పైన క్యారియర్ వేసి సామాను కట్టారంటే మరీ ప్రమాదం. లిఫ్ట్ ఉంది కదా అని అమ్రాబాద్ అడవిలోకి సొంతంగా దూరడం కూడా వద్దు. అది టైగర్ రిజర్వ్, అనుమతి లేకుండా పోతే కేసే.

మీది తోట బాటే అంటున్నారు కాబట్టి చెబుతున్నా, వానాకాలం నల్లరేగడిలోకి దిగితే లిఫ్ట్ ఏం చేయదు. అక్కడ పనిచేసేది టైరు పట్టు. వాగు ఇసుకలోనైతే గాలి తగ్గించుకుంటే చాలు, 18 నుంచి 20 పీఎస్ఐకి. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ కొట్టించాలి.

చందంపేట_బాట:
అందరికీ చాలా థాంక్స్. ఆర్టీఏలో అడిగాకే మొదలుపెడతా. బోల్టులు, బుష్‌లు, పొడుగు బ్రేక్ గొట్టాలు కూడా కిట్‌తో పాటే ఆర్డర్ పెడుతున్నా. అయ్యాక స్టీరింగ్ సంగతి ఏం చేయాలి? నేరుగా అలైన్‌మెంట్‌కు తీసుకుపోవచ్చా?

సాగర్_కట్ట:
స్టీరింగ్ చక్రం కొంచెం పక్కకు తిరిగి కనిపిస్తుంది, కంగారు పడొద్దు. బండి లేచాక స్టీరింగ్ నుంచి ముందు చక్రాలకు పోయే డ్రాగ్ లింక్ రాడ్ కోణం మారుతుంది, దాని పొడవు సర్దితే చక్రం మధ్యకు వస్తుంది. ఆ తర్వాతే అలైన్‌మెంట్. గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంటే కిందికి వంగిన డ్రాగ్ లింక్ వేయాలి. 50, 60 వేగంలో బండి అడుగు అదిరినట్టు ఉంటే ఇరుసుకు తిప్పుడు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్ల కోణం చూపించండి. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించండి, కొత్త కమాన్లు సర్దుకుని కచ్చితంగా వదులవుతాయి. హెడ్‌లైట్లు కూడా కిందికి దించుకోండి. ముక్కు లేచిన బండి వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది, సాగర్ రోడ్డు మీద రాత్రి లారీలు ఎక్కువ.